వెలితి గోతం

పెద్దపంజాణి,
9 సెప్టెంబర్ 2024

తేజూకు,

నువ్వు అడిగిన టమోటా కట్టె ఒక గోతం పంపినాను.

ఫోన్‌లో నేను ‘ఊ’ అన్నాను గదా, అది సరే అని. తాతకు కోపం వచ్చిందా అని నువ్వు మీ అవ్వను అడిగినావంట. కోపం లేదు. హలో అన్నాక ఏమి మాట్లాడాలో నాకు తోచదు. కాగితమైతే ఎదురు మాట్లాడదు. అందుకని ఇట్లే రాస్తాను. నువ్వూ రాయి. చదివింది ఐదో తరగతే అయినా కూడబలుక్కొని చదువుకొంటాను.

గోతం చెంగల్రాయుడి చేతికి ఇచ్చినాను. మా తమ్ముడి కొడుకు, నీకు మామ అవుతాడు. పుంగనూరు నుంచి కుప్పం పోయే బస్సులో కండక్టరు. “ఏంది పెదనాయనా ఇది?” అన్నాడు. టమోటా కట్టె అన్నాను. “కుప్పంలో పొయ్యిలోకి కట్టెలే లేవా?” అన్నాడు. కాలేజీకి అన్నాను. బస్సులో అందరూ నా పక్క చూసినారు. దిగేసినాను.

కట్టె మన చేనిదే. కాయలు అయిపోయినాక పీకి, గట్టున వేసి కాల్చడం వాడుక. చెత్తను కాలేజీకి పంపాలంటే సిగ్గయింది. మట్టి దులిపి పంపినాను. “టమోటా తినమంటే మూతి తిప్పే పిల్ల, కట్టెల్ని ఏం జేసుకుంటాదంట?” అని మీ అవ్వ అడిగింది. నాకూ తెలియదు. చెప్పదగినదైతే చెప్పు.

గోతం మంచిది. తిరిగి పంపు.

ఇట్లు
కె. ఈశ్వరప్ప


కుప్పం,
17 సెప్టెంబర్ 2024

తాతా,

‘ఇట్లు కె. ఈశ్వరప్ప’ అంట! నేనేమన్నా కరెంటాఫీసా, ఇంటిపేరుతో సంతకం పెట్టేదానికి?

మామ కాలేజీ గేటు ముందర బస్సు ఆపి మరీ గోతం దించినాడు. వాచ్‌మన్ దాన్ని లాఠీతో పొడిచి చూసి, ఏమీ అరవలేదు గనక లోపలికి వదిలినాడు.

చెప్పదగినదే, విను. ఏ చెట్టు కట్టె అయినా లోపల ఉండేది నారే. దాన్ని కాస్టిక్ సోడా కలిపిన నీళ్ళలో ఉడకబెట్టి, జిగురు పోగొట్టి, తెల్లగా చేసి, గట్టి ఒత్తిడి పెట్టే మిషన్లో మళ్ళీ మళ్ళీ తోస్తే, నార చీలి చీలి వెంట్రుకను వేల పాయలు తీసినంత సన్నం అవుతుంది. నీ వెంట్రుక కాదులే, అది ఎప్పుడో పోయింది; అవ్వ వెంట్రుక అనుకో. అప్పుడది గంజి మాదిరి ఉంటుంది. నూటికి ఒక పాలు నార, మిగతాదంతా నీళ్ళే. అయినా గిన్నె బోర్లించినా కింద పడదు. దాని పేరు నానో సెల్యులోజ్. ముతక నారతో కాగితం చేసి, దాని మీద ఈ గంజి పూసి ఆరబెడితే గట్టి షీటు వస్తుంది. రావాలి.

ఆ షీటు ఎందుకంటే, టమోటా సాళ్ళ మీద కలుపు రాకుండా ప్లాస్టిక్ పరుస్తారు కదా, దాని బదులు పరిచేదానికి. పంట కాలమంతా నిలబడి, తర్వాత మట్టిలో మట్టి అయిపోవాలి. టమోటా కట్టెతో చేసింది టమోటాకే పరచాలని మా శివకుమార్ సారు పట్టు. మార్చిలో మాకు డబ్బిచ్చే గవర్నమెంటు తరఫున రివ్యూ చేసేవాళ్ళు వస్తారు. అప్పటికి మా షీటు ఒక చేన్లో నిలబడి కనిపిస్తే నాకు ఇంకో రెండేళ్ళు ఇక్కడ పని ఉంటుంది. లేదంటే పెట్టె సర్దుకొని మదనపల్లికి పోయి, నాయన అంగట్లో కూర్చొని అదే ప్లాస్టిక్ షీట్లు అమ్మాలి. నాయనకు చెప్తే నవ్వినాడు. “నా యాపారానికి మన్ను గొట్టేదానికి నేనే ఫీజు గట్టినానా?” అన్నాడు. నవ్వినాడే గానీ, తర్వాత రెండు వారాలు ఫోన్ చేయలేదు.

నువ్వు పంపిన కట్టెతో మొదటి షీటు చేసినాను. అప్పళం మాదిరి విరిగింది. ఇంకో గోతం పంపు.

నీ తేజు

అవ్వకు: గోతం వట్టిదే పంపుతున్నానని తిట్టొద్దు. ఇక్కడ నా దగ్గర గంజి తప్ప ఏమీ లేదు.


పెద్దపంజాణి,
25 సెప్టెంబర్ 2024

తేజూకు,

నీ ఉత్తరం మీ అవ్వకు చదివి వినిపించినాను. “గంజి కాసేదానికి ఇన్నేండ్లు సదవాల్నా? నన్ను అడిగింటే మూడు గిన్నెల్తో నేర్పిచ్చిందును” అనింది. నీళ్ళు గట్టిగా నిలబడతాయంటే మాత్రం నమ్మలేదు. మన పాలాయన గూడా నీళ్ళను పాలు చేస్తాండాడు, ఆయన్ని ఎవురూ కాలేజీకి పిలవలేదే అనింది.

మన కట్టె మిగిలింది కాల్చేసినాను. ఇంకా అడుగుతావని తెలియలేదు. వెంకటేశులు తన చేని కట్టె కొంత దారి పక్కన పారేసి ఉన్నాడు, అది ఏరినాను. అతన్ని అడగలేదు. మన చేన్లో చినిగిన ప్లాస్టిక్ తిని అతని ఆవు చచ్చిపోయినప్పటి నుంచి మాకు మాటల్లేవు గదా. “నీ అల్లుడి షీటు తిని నా ఆవు సచ్చిపాయ” అన్నాడు. ఆవు పోయిన బాధలో ఉన్నాడు, సద్దుమణిగినాక మాట్లాడదాం అనుకొన్నాను. రెండేండ్లు అయింది.

దారి పక్క దొరికిన కట్టెతో గోతం నిండలేదు. వెలితిగా పంపితే బాగుండదు. నింపి పంపినాను.

మదనపల్లి అల్లుడు గారికి కోపం రాకుండా చూసుకో.

కె. ఈశ్వరప్ప


కుప్పం,
14 అక్టోబర్ 2024

తాతా తాతా తాతా,

వచ్చింది! నీ రెండో గోతం కట్టెతో చేసిన షీటు తెగలేదు. నేను లాగినాను, సారు లాగినాడు, ఇద్దరం చెరో పక్క పట్టుకొని గొబ్బి ఆడే పిల్లల మాదిరి ల్యాబంతా తిరిగినాం. చివరికి సారు దానికి తన టిఫిన్ క్యారియరు వేలాడదీసినాడు. లోపల మజ్జిగపులుసు ఉంది. అంటే ఆయన ఎంత నమ్మకంతో ఉన్నాడో చూడు.

ఆయుధపూజకు మిషన్‌కు బంతిపూల దండ వేసి, గుమ్మడికాయ కొట్టి, పని వదిలేసి పోయినాం. మరుసటి రోజు ఈ షీటు ఆరి ఉంది. సారు నాస్తికుడు. అయినా మిషన్ దండ తీయనీయడం లేదు, ఎండిపోయి రాలుతున్నా సరే.

ఇప్పుడు అసలు సంగతి. మన చేని కట్టె విరిగింది, వెంకటేశులు తాత చేని కట్టె గట్టిపడింది. ఆ మట్టిలో ఏదో ఉందని సారు అంటున్నాడు. కట్టె ఆ చేనిదే కావాలి, ఈసారి రెండు గోతాలు. మట్టి కూడా ఒక సంచిలో. నీకు మాటల్లేవని తెలుసు. అయినా నా కోసం ఒకసారి అడుగు తాతా. ‘ఊ’ అని కాదు, పూర్తి వాక్యంతో.

నీ తేజు


పెద్దపంజాణి,
27 అక్టోబర్ 2024

తేజూకు,

అడిగినాను.

వెంకటేశులు ఇంటి ముందర చాలాసేపు నిలబడినాను. ఆయన భార్య చూసి, “ఏమప్పా, యాల నిలబడుకోనుండావు?” అనింది. ఊరికే అన్నాను. తర్వాత ఆయనే బయటికి వచ్చినాడు. టమోటా కట్టె కావాల అన్నాను. ఆయన నన్ను కిందా మీదా చూసినాడు. “రెండేండ్లకు నోరు తెరిసినావు. తెరిసి సెత్త అడుగుతాండావు!” అన్నాడు. మా తేజుకు, కాలేజీకి అన్నాను. నీ చేని కట్టె బాగుందని పెద్ద సారు అన్నాడంట అన్నాను.

అంతే తేజూ. ఆయన ముఖం మారిపోయింది. కాఫీ ఇచ్చినారు. కట్టె ఆయనే బండిలో వేసి మన ఇంటికి తోలినాడు. రెండు గోతాలు దట్టించి నింపినాను, ఇంకా మిగిలింది. మట్టి సంచి ఆయనే కట్టినాడు, పైన తన పేరు రాసి.

ఇప్పుడు ఊర్లో ఆయన్ని పట్టేదానికి లేదు. చేని దగ్గర పలక కట్టినాడు. ‘పరిశోధనా క్షేత్రం, లోపలికి రారాదు’ అని, కింద తన పేరుతో. పొద్దున లోపలికి పోవాలంటే ఆయనే ఒక ఘడియ ఆలోచించి పోతున్నాడని మీ అవ్వ ఎగతాళి. రివ్యూకు వచ్చేవాళ్ళకు తన పేరు చెప్పాలంట.

నేను ఒకటి మొక్కుకొన్నాను. ఏమని తర్వాత రాస్తాను.

కె. ఈశ్వరప్ప


కుప్పం,
18 నవంబర్ 2024

తాతా,

అంతా పోయింది.

రెండు గోతాల కట్టె ఉడికించినాం. పది షీట్లు చేసినాం, పదీ అప్పళాలే. సోడా మార్చినాం, నీళ్ళు మార్చినాం, మిషన్‌కు దండ మార్చినాం. మట్టి పరీక్షలో తేలింది ఒకటే, వెంకటేశులు తాత యూరియా మితిమీరి వేస్తున్నాడని. అది చెప్పేదానికి పరీక్ష అక్కర్లేదు.

ఫోన్ చేస్తే అవ్వ ఎత్తి, ఇంట్లో మేకపోతు బాగా బలిసిందని చెప్పి పెట్టేసింది. మేకపోతు సంగతి నాకెందుకు?

నిన్న సారు గది తలుపు వేసి అడిగినాడు. “తేజస్వినీ, ఆ రెండో గోతం లెక్కలు నిజంగా వచ్చినవేనా, నువ్వే రాసుకున్నావా?” అన్నాడు. తన క్యారియరు తనే వేలాడదీసిన మనిషి! మజ్జిగపులుసు కూడా నేను కల్పించినట్టే మాట్లాడినాడు. మార్చి సంగతి అటుంచు తాతా, ఇప్పుడు నేను అబద్ధాలకోరును అయినాను.

నువ్వు నాకు ఒకటే చెప్పు. ఆ రెండో గోతంలో ఏముండింది? అది వెంకటేశులు తాత కట్టేనా, లేక ఏదో దొరికిన చెత్త వేసి పంపినావా? దాచకుండా రాయి.

తేజస్విని


పెద్దపంజాణి,
24 నవంబర్ 2024

తేజస్వినికి,

నువ్వు పూర్తి పేరు రాసినావు గనక నేనూ రాస్తున్నాను.

నేను చెత్త పంపలేదు. దాచిందీ లేదు. నింపి పంపినాను అని అప్పుడే రాసినాను. ఏమి పెట్టి నింపినావని నువ్వు అడగలేదు.

ఏరిన టమోటా కట్టెతో గోతం సగానికి పైన వెలితిగా ఉండింది. మన పట్టుపురుగులు ఆకు తిని వదిలిన మల్బరీ పుల్లలు షెడ్డు పక్కన కుప్పగా ఉన్నాయి. పుల్లలు వేస్తే గుచ్చుకొని గోతం చినుగుతుంది. గోతం మంచిది. అందుకని తోలు వలిచి, ఆ తోలుతో నింపినాను. శుభ్రమైనదే. మీ అవ్వ గూడా కూర్చొని వలిచింది.

ఆడబిడ్డకు పోయే మూట వెలితిగా పోరాదు. మీ అమ్మ మదనపల్లికి కాపురానికి పోయినప్పటి నుంచి మన ఇంటి నుంచి వెలితి మూట పోలేదు. బియ్యం చాలకపోతే చెనక్కాయ బుడ్డలు పోసి నింపినాం. బుడ్డలు చాలకపోతే ఉలవలు. మీ నాయన ఎప్పుడూ బియ్యంలో ఉలవలు యాల ఉండాయని అడగలేదు.

మీ సారుకు చెప్పు, తప్పు ఉంటే నాది, లెక్కలు నీవి.

కె. ఈశ్వరప్ప


కుప్పం,
2 డిసెంబర్ 2024

తాతా,

నీ ఉత్తరం బస్టాండులోనే చదివి అక్కడే కూర్చుండిపోయినాను. మామ, “ఏమ్మా, ఊర్లో ఎవురన్నా పాయిరా?” అని బస్సు ఆపుకొని నిలబడినాడు. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో ఆయనకు అర్థం కాలేదు. నాకూ అంతే.

తిన్నగా పోయి సారు ముందర ఉత్తరం పెట్టినాను. చదివినాడు. ఉలవల దగ్గరికి వచ్చేసరికి కళ్ళద్దాలు తీసినాడు. కొంచెంసేపు తల పట్టుకొని, “అంటే, మనం మూడు నెలలు పరిశోధించింది మీ తాతగారి మర్యాదనా?” అన్నాడు. తర్వాత లేచి, నన్ను అన్నదానికి చేతులు జోడించినాడు. ఆయన జోడించడం బాగా లేదు, కొత్త గదా పాపం.

వెంటనే చేసి చూసినాం. మల్బరీ తోలులో నార పొడుగు, టమోటా కట్టెలో పొట్టి. పొడుగుది కాగితాన్ని పట్టుకొంటుంది, పొట్టిది గంజిగా మారి సందులు పూడుస్తుంది. రెండూ కలిస్తేనే షీటు. ఒంటరిగా రెండూ దండగ. మా పరిశోధన కాగితాల్లో ‘టమోటా’ అన్నచోటల్లా ‘టమోటా, మల్బరీ’ అని దిద్దుతున్నాం. మల్బరీ పుల్లలు కూడా మీరు పారేసేవే గనక సారుకు రెండు చెత్తలు కలిసొచ్చినాయని సంతోషం.

నేను చెత్త అన్నమాట రాసినాను. అది ఇక్కడ మా పనిలో ముడిసరుకు పేరు తాతా, తిట్టు కాదు. అయినా ఆ రోజు తిట్టే.

ఇక మీదట ఏది ఎంతో విడివిడిగా కట్టి పంపు. వెలితిగా ఉంటే వెలితిగానే పంపు. జనవరిలో నువ్వు టమోటా నాటేటప్పుడు కొన్ని సాళ్ళకు మా షీట్లు పరుస్తాం, మిగతా సాళ్ళకు నాయన అంగడి ప్లాస్టిక్. మార్చిలో రివ్యూ వాళ్ళు మన చేనికే వస్తారు. అది నిలబడితే నేను నిలబడినట్టు.

వెంకటేశులు తాతకు పలక తీసేయమని ఎవరు చెప్తారు? నేను చెప్పను.

నీ తేజు


పెద్దపంజాణి,
16 ఫిబ్రవరి 2025

తేజూకు,

షీట్లు పరిచి నెల దాటింది. నిలబడి ఉన్నాయి. మంచుకు మెత్తబడి ఎండకు మళ్ళీ బిగుస్తున్నాయి. కింద కలుపు లేదు. ఒక మూల ఎత్తి చూసినాను, తేమ ఉంది. మళ్ళీ మూసేసినాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పోయి చూస్తున్నాను. కాపలా కాస్తున్నావా అని అడిగితే ఊరికే అంటున్నాను.

వెంకటేశులుకు మల్బరీ సంగతి మీ అవ్వ చెప్పేసింది. ఆయన పలక తీసేయలేదు. తెచ్చి మన చేన్లో పాతినాడు. పేరు మాత్రం ఆయనదే ఉంది.

మదనపల్లి నుంచి మీ నాయన వచ్చినాడు. డ్రిప్పు పైపు చూసేదానికి అన్నాడు. పైపు దగ్గరికి పోలేదు. నీ షీటు పక్కన గొంతుకూర్చొని గోరుతో గీరి చూసినాడు. “మామా, ఇది నిలబడుతుందా?” అని అడిగినాడు. ఊ అన్నాను. పోయేటప్పుడు మీ అవ్వ మూట ఇచ్చింది. ఉలవలు ఉన్నాయి.

విడివిడిగా, వెలితిగా పంపమన్నావు. మీ అవ్వకు చెప్పినాను. “నేను బతికుండగా ఆ పని జరగదు” అనింది. మల్బరీ తోలు వేరే మూట కట్టినాను. పైన వెలితికి మీ అవ్వ చింతపండు పెట్టింది. అది ఉడకబెట్టొద్దు.

మొక్కు సంగతి. నీ రివ్యూ గెలిస్తే ఏప్రిల్ జాతరలో గంగమ్మకు మన మేకపోతును ఇస్తానని మొక్కినాను. అది బలుస్తున్నదని మీ అవ్వ ఫోన్‌లో చెప్పింది నీకు ధైర్యం రావాలనే.

కె. ఈశ్వరప్ప


పెద్దపంజాణి,
18 మార్చి 2025

తేజూకు,

రేపు రివ్యూ అని తెలుసు. అందుకే ఈ చీటీ పొద్దుటి బస్సుకే చెంగల్రాయుడికి ఇస్తున్నాను.

ఫోన్ చేసినాను. నువ్వు ఎత్తి హలో అన్నావు. నేను పెట్టేసినాను.

మేకపోతు తాడు తెంపుకొని చేన్లో పడింది. టమోటా చెట్లను ముట్టలేదు. ప్లాస్టిక్‌ను ముట్టలేదు. నీ షీటు తినింది. రెండు సాళ్ళు పూర్తిగా, మూడోది సగం. నేను పోయేసరికి గట్టున పడుకొని నెమరేస్తా ఉంది.

గంగమ్మకు ఇస్తామన్న దాన్ని కొట్టేదానికి చెయ్యి రాలేదు. మీ అవ్వకు వచ్చింది.

మిగిలిన సాళ్ళ చుట్టూ ముళ్ళకంప వేసినాను. ఏమి చేయాలో తెలియలేదు.

తాత


కుప్పం,
23 మార్చి 2025

తాతా,

ముందు ఇది చెప్పు. మొన్న మేమంతా చేన్లో నిలబడి ఉంటే నువ్వు ఎక్కడికి పోయినావు? అవ్వ పట్టుపురుగుల షెడ్డు వైపు చూసి కన్ను గీటింది. గంటన్నర సేపు తట్టల వెనక దాక్కున్నావంట! సరే, కానీ. చేన్లో జరిగింది నువ్వు చూడలేదు గనక నేనే రాస్తాను.

ఇద్దరు వచ్చినారు. బెంగళూరు ఆయన, చెన్నై ఆమె. దాటేటప్పుడే ముళ్ళకంప బెంగళూరు ఆయన ప్యాంటు పట్టుకొంది. అక్కడే మా పని సగం చెడింది. తర్వాత తినేసిన సాళ్ళు చూసినాడు. “మేక తినేదాన్ని రైతుకు ఎట్లా ఇస్తారమ్మా?” అన్నాడు. సరైన ప్రశ్నే తాతా. సారు కంప వైపు చూస్తున్నాడు. వెంకటేశులు తాత తన పలక ముందర ఛాతీ విరుచుకొని నిలబడినాడు, ఎవరూ చదవలేదు.

అప్పుడు నాయన ముందుకొచ్చినాడు. మదనపల్లి నుంచి ఎప్పుడొచ్చినాడో నాకు తెలియదు. “సార్, ఈడ ఈ నల్ల షీటు అమ్మింది నేనే. పదహైదేండ్లుగా అమ్ముతాండా. నా షీటు తిని ఈ వెంకటేశులు మామ ఆవు సచ్చిపాయ. కడుపు కోస్తే షీటు ఉండ మాదిరి వచ్చింది, నేనే సూసినా. ఎవురికీ సెప్పల్యా. ఈ పోతును సూడండి. రెండు సాళ్ళు తిని నెమరేస్తాండాది” అన్నాడు.

వెంకటేశులు తాత పలక మీద చెయ్యి తీసి కళ్ళు తుడుచుకొన్నాడు. “పాలిచ్చే ఆవు సార్” అన్నాడు, అంతే.

చెన్నై ఆమె పశువుల డాక్టరంట తాతా, మాకెవరికీ తెలియదు! తిన్నగా పోతు దగ్గరికి పోయి, డొక్క మీద చెవి పెట్టి వినింది. కింద పడిన పెంటికెలు కవర్లో వేసుకొనింది. ఆ కవరు ప్లాస్టిక్ అని అవ్వ నిష్ఠూరమాడింది కూడా. అప్పుడు బెంగళూరు ఆయన మిగిలిన షీటు ఎత్తి చూసి, వానపాము ఒకటి వేలికి చుట్టుకొంటే అరిచి వదిలేసినాడు.

రెండేళ్ళు ఇచ్చినారు తాతా. మేక తినకుండా షీటుకు ఏదైనా చేదు కలపాలని ఒక షరతు. ఇంకొకటి నీకు కష్టం. ఆ పోతును వచ్చే రివ్యూ దాకా కాపాడి, దాని ఆరోగ్యం ఎట్లా ఉందో మూడు నెలలకొకసారి చూపించాలంట. చెవికి పసుపు బిళ్ళ వేసి పోయినారు. సారు రిపోర్టులో ‘ఆకస్మికంగా లభించిన పశుపరీక్ష’ అని రాసినాడు. ఆకస్మికం అంట, తాడు తెంపించింది గంగమ్మ కాదని ఆయనకు తెలిసినట్టు.

కాబట్టి జాతరకు దాన్ని ఇచ్చేదానికి లేదు. గంగమ్మతో నువ్వే మాట్లాడుకో.

ఈసారి నీ గోతం వట్టిగా పంపడం లేదు. 

నీ తేజు


పెద్దపంజాణి,
20 ఏప్రిల్ 2025

తేజూకు,

జాతర అయింది.

వెంకటేశులూ నేనూ కలిసే పోయినాం. పోతును ఇవ్వడం లేదని చెప్తే పూజారి ఒప్పుకోలేదు. “మొక్కినాక అది అమ్మోరి సొత్తు” అన్నాడు. మీ అవ్వ పోతు చెవి బిళ్ళ వర్ణించి చెప్పింది. “అమ్మోరికంటే ముందరే నంబరు ఏసేసినారు సామీ, ఇప్పుడు నువ్వు నరికితే కేసు అయితాది” అనింది. ఆయన వెనక్కి తగ్గినాడు. కేసు సంగతి నిజమో కాదో నాకు తెలియదు.

అయినా మొక్కింది నేను గనక అమ్మవారికి నేనే చెప్పుకోవాలని లోపలికి పోయినాను. నిలబడినాను. ఫోన్‌లో హలో అన్నాక ఉన్నట్టే ఉండింది. వెనక జనం తోస్తున్నారు. ముందే ఇట్లా అవుతుందని ఒక చీటీ రాసుకొని పోయినాను. కుంకుమ తట్టలో పెట్టినాను. పూజారి తీసి గట్టిగా చదివేసినాడు. నేను బయటికి వచ్చేసినాను. నువ్వు అడుగుతావని రాస్తున్నాను, అందులో ఉండింది ఇంతే:

‘అమ్మా, నీ పోతు ప్రస్తుతం గవర్నమెంటు పనిలో ఉంది. పని నా మనవరాలిది. వదిలి పెట్టినాక తోలుకొని వస్తాను. ఆలస్యానికి కోపం వద్దు. ముందే వెంకటేశులు ఆవును తీసుకున్నావు, అది లెక్కలో వేసుకో. ఈశ్వరప్ప.’

వెంకటేశులు అది విని గుడి బయట చాలాసేపు నవ్వినాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసుకొనే ఇంటిదాకా నడిచినాడు. మాట్లాడలేదు. నాకు బాగుండింది.

నీ గోతం అందింది. చెంగల్రాయుడు దించలేక ఇద్దరిని పిలిచినాడు. మూతి దాకా షీట్లు దట్టించి ఉన్నాయి, పైన మిగిలిన వెలితికి కుప్పం బన్నులు. మీ అవ్వ చూసింది. బన్ను ఒకటి తీసుకొని పక్కకు పోయి తినింది.

షీట్లను అటక మీద పెట్టినాను. పోతు కింద నిలబడి పైకే చూస్తా ఉంది. చేదు తొందరగా కలుపు.

తాత